నడుస్తూ నడుస్తూ ఆగిపోయే కారు: లోపాన్ని పట్టుకోవడం ఎలా

అసలు స్టార్టే కాని కారును బాగు చేయడం కొంత తేలిక. లోపం అక్కడే ఉంటుంది, ఎటూ పోదు. మీటర్ పెట్టి ఒక్కో వైరూ చూసుకుంటూ పోతే ఏదో ఒకచోట దొరికిపోతుంది. ఎంత అనుభవమున్న మెకానిక్‌నైనా తిప్పలు పెట్టేది ఇంకో రకం కారు. హైదరాబాద్‌లో బయల్దేరి సూర్యాపేట దాకా ఏ ఇబ్బందీ లేకుండా వస్తుంది. ఆ తర్వాత ఎనభై స్పీడులో ఉండగా ఉన్నట్టుండి ఇంజిన్ ఆగిపోతుంది. పక్కకు తీసి, అరగంట ఆగి సెల్ఫ్ కొడితే మామూలుగా స్టార్టవుతుంది. గ్యారేజీకి చేరేసరికి ఏ లోపమూ కనిపించదు. మెకానిక్ ఓ రౌండు కొట్టి వచ్చి "బండి బాగానే ఉంది కదండీ" అంటాడు. వారం తర్వాత మళ్లీ అదే కథ.

ఖర్చు ఇక్కడి నుంచే మొదలవుతుంది. అనుమానం మీద ముందు ప్లగ్గులు మారతాయి, తర్వాత ఇగ్నిషన్ కాయిల్స్, ఆ తర్వాత ఫ్యూయల్ పంపు, ఇంకా ఆగుతుంటే చివరికి ఈసీఎం, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్. వేలకు వేలు పోసినా కారు ఆగడం మానదు. ఎందుకంటే ఈ పద్ధతిలో లోపాన్ని ఎవరూ వెతకడం లేదు. అప్పుడప్పుడూ వచ్చే లోపానికి ఆధారాలు కూడా అప్పుడే, ఆ కొద్ది సెకన్లలోనే కనిపిస్తాయి. వాటిని చూసే అవకాశం ఉన్నది స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషికే. ఆగినప్పుడు డ్యాష్‌బోర్డు ఎలా ఉంది, ఇంజిన్ ఒక్కసారిగా ఆగిందా లేక తడబడుతూ ఆగిందా, ఎంతసేపటికి మళ్లీ స్టార్టయింది? ఈ మూడు ప్రశ్నలకు సరైన జవాబులుంటే సగం పని అయిపోయినట్టే. అవి లేకుండా, కారు కంప్యూటర్‌లోని సమాచారం చదివే స్కానర్ ఎంత ఖరీదైనది పెట్టినా వెతుకులాట గుడ్డిగానే సాగుతుంది.

అయితే రోడ్డు మీద ఆగిన క్షణంలో ముందు చూసుకోవాల్సింది ప్రాణం సంగతి. ఇంజిన్ ఆగితే బ్రేకులు పోవు. పెడల్‌ను తేలిక చేసే బ్రేక్ బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్‌తో రెండు మూడుసార్లు మామూలుగానే పడతాయి, ఆ తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. అందుకే పెడల్‌ను మాటిమాటికీ తొక్కకుండా ఒకేసారి గట్టిగా నొక్కి పట్టుకోవాలి. స్టీరింగ్ బరువెక్కుతుంది కానీ తిరుగుతుంది. కారు కదులుతుండగా తాళాన్ని పూర్తిగా వెనక్కి తిప్పితే మాత్రం స్టీరింగ్ లాక్ పడే ప్రమాదం ఉంది. హజార్డ్ లైట్లు వేసి ఎడమ పక్కకు తీశాక, లోపలున్నవాళ్లందరూ దిగి క్రాష్ బారియర్ అవతలికి వెళ్లాలి. జాతీయ రహదారి మీదైతే హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయవచ్చు. ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట ఆగిన కారులోనే కూర్చుని మెకానిక్ కోసం ఎదురుచూడటం ఎంత మాత్రం మంచిది కాదు.

ఇక ఆధారాల సంగతి. మొదటి ఆధారం డ్యాష్‌బోర్డు. ఇంజిన్ ఆగగానే బ్యాటరీ లైటు, ఆయిల్ లైటు వెలగడం సహజం. ఇంజిన్ తిరగడం లేదని చెప్పడమే వాటి పని. అవి చూసి "బ్యాటరీ పోయింది", "ఆయిల్ అయిపోయింది" అనుకోవడం చాలామంది చేసే తప్పు. గమనించాల్సింది వేరే ఉంది: మ్యూజిక్ సిస్టం, మీటర్ లైట్లు, ఏసీ ఫ్యాన్ కూడా ఇంజిన్‌తో పాటే ఆగిపోయాయా? ఆగిపోతే సమస్య పెట్రోల్‌లోనూ స్పార్క్‌లోనూ లేదు, మొత్తం కారుకే కరెంట్ తెగింది. అప్పుడు బ్యాటరీ టెర్మినల్స్, ఎర్త్ వైరు, ఇగ్నిషన్ స్విచ్, మెయిన్ ఫ్యూజ్ దగ్గరే వెతకాలి. అవన్నీ పనిచేస్తూనే ఇంజిన్ ఒక్కటే ఆగిపోతే వెతకాల్సింది ఇంజిన్‌కు సంబంధించిన సర్క్యూట్లలో, ఇంధనంలో.

రెండో ఆధారం ఆర్‌పీఎం ముల్లు. గేర్లున్న కారులో దీన్ని మించిన సాక్ష్యం లేదు, అయినా దీన్ని గమనించేవాళ్లు చాలా తక్కువ. కారు నాలుగో గేరులో పోతుండగా ఇంజిన్ మండటం ఆగిపోయినా, క్లచ్ తొక్కనంతవరకు చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి. అంటే ముల్లు స్పీడుతో పాటు మెల్లగా దిగాలి. అలా దిగితే ఇంజిన్ తిరుగుతున్న సంగతి కంప్యూటర్‌కు తెలుస్తూనే ఉంది, మండటానికి కావాల్సిందే ఏదో అందడం లేదు. ఎక్కువసార్లు అది పెట్రోలే. అలా కాకుండా కారు ఇంకా పరుగెడుతుండగానే ముల్లు టక్కున సున్నాకు పడిపోతే, తిరుగుతున్న ఇంజిన్ కంప్యూటర్‌కు కనిపించడం మానేసిందన్నమాట. అప్పుడు అనుమానించాల్సినవి క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సార్, దాని వైరింగ్, లేదా కంప్యూటర్‌కే కరెంట్ ఇచ్చే రిలే (కరెంట్‌తో పనిచేసే స్విచ్). ఆటోమేటిక్ కార్లలో ఈ సూచనను ఇంతగా నమ్మలేం. అక్కడ మండటం ఆగిన కాసేపటికే ఇంజిన్ తిరగడం కూడా ఆగిపోవచ్చు.

క్రాంక్ సెన్సార్ గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఆగి, చల్లారి, మళ్లీ స్టార్టయ్యే పెట్రోల్ కార్లలో ముందుగా అనుమానించదగ్గ పార్టుల్లో ఇదొకటి. ఫ్లైవీల్ దగ్గరో, ముందువైపు పుల్లీ దగ్గరో, ఇంజిన్ బ్లాకుకు అంటుకుని ఉండే చిన్న పార్టు ఇది. క్రాంక్ ఏ స్థానంలో ఉందో చెప్పడం దీని పని. ఆ సమాచారం లేకపోతే ఏ సిలిండర్‌కు ఎప్పుడు స్పార్క్ ఇవ్వాలో, ఎప్పుడు పెట్రోల్ చిమ్మాలో కంప్యూటర్‌కు తెలియదు. తెలియకపోతే అది రెండూ ఆపేస్తుంది. కొన్ని రకాల సెన్సార్లలో లోపల వెంట్రుక లాంటి సన్నని రాగి తీగతో చుట్టిన కాయిల్ ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికీ అదురుకూ ఎక్కడో తీగ చిట్లుతుంది. చల్లగా ఉన్నప్పుడు చిట్లిన కొసలు ఆనుకునే ఉంటాయి, వేడెక్కి వ్యాకోచించగానే విడిపోతాయి. ఇంజిన్ ఆగుతుంది. ఇరవై నిమిషాలు, అరగంట గడిచి చల్లారితే కొసలు మళ్లీ ఆనుకుంటాయి. గ్యారేజీకి వెళ్లేసరికి ఏమీ దొరకకపోవడానికి కారణం ఇదే.

దీన్ని తేల్చుకోవడానికి మంచి సమయం కారు స్టార్ట్ కాకుండా మొండికేసిన ఆ అరగంటే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఇంజిన్ నిమిషానికి దాదాపు 150 నుంచి 250 సార్లు తిరుగుతుంది. స్కానర్‌లో లైవ్ డేటా పెట్టి సెల్ఫ్ కొడితే ఆ అంకె కనిపించాలి. స్టార్టర్ గిర్రున తిప్పుతున్నా స్కానర్‌లో ఆర్‌పీఎం సున్నా అని చూపిస్తుంటే సెన్సార్ గానీ దాని వైరు గానీ పోయినట్టే. వేడిగా ఉన్న సెన్సార్ మీద కాసిని చన్నీళ్లు చల్లగానే కారు స్టార్టయితే అనుమానం మరింత బలపడుతుంది. ఇక్కడ ఒక చిక్కుంది. ఈ లోపానికి కంప్యూటర్‌లో పీ0335 అనే లోపం గుర్తు, అంటే కోడ్, పడాలి కానీ ప్రతిసారీ పడదు. సిగ్నల్ రావడం ఆగిపోగానే కొన్ని కార్ల కంప్యూటర్లు ఇంజిన్ మామూలుగానే ఆగిందనుకుంటాయి. కోడ్ లేదు కాబట్టి సెన్సార్ బాగుందనే తీర్మానం అందుకే చెల్లదు.

వేడికి మొండికేయడం కార్లకు కొత్తేమీ కాదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజుల్లో ఎండాకాలం పెట్రోల్ పైపుల్లోనే ఆవిరై పంపు లాగలేకపోయేది. డ్రైవర్లు ఫ్యూయల్ పంపు మీద తడిగుడ్డ వేసి, కాసేపు ఆగి బయల్దేరేవారు. ట్యాంకులోనే పంపు ఉండి, పైపు పొడవునా ప్రెషర్ నిలిచే ఇప్పటి కార్లలో ఆ వేపర్ లాక్ చాలా అరుదు. అయినా ఎండలో ఆగిన ప్రతి కారుకూ ఇప్పటికీ ఆ పేరే పెట్టేవాళ్లున్నారు. అమెరికాలో 1980ల్లో ఫోర్డ్ తన కార్లలో స్పార్క్‌ను నియంత్రించే ఇగ్నిషన్ మాడ్యూల్‌ను, ప్లగ్గులకు కరెంట్ పంచే డిస్ట్రిబ్యూటర్ మీదే, ఇంజిన్ వేడి నేరుగా తగిలేచోట బిగించింది. వేడెక్కినప్పుడు ఆగి, చల్లారాక నడిచే ఆ కార్ల వ్యవహారం కోర్టుల దాకా వెళ్లింది. 1990ల నాటి హోండా కార్లలో మెయిన్ రిలే లోపలి టంకం పగిలి, ఎండలో నిలిపిన కారు లోపలి వేడికే సంబంధం తెగేది. పార్టు ఏదైనా తీరు ఒకటే: వేడెక్కితే తెగుతుంది, చల్లారితే కలుస్తుంది.

పెట్రోల్ అందక ఆగే కారు ఇలా ఉండదు. చాలాసార్లు ముందుగానే హెచ్చరిస్తుంది. శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్నప్పుడో, ఓవర్‌టేక్ కోసం గట్టిగా రేజ్ చేసినప్పుడో పికప్ తగ్గుతుంది, జర్క్ ఇస్తుంది, మిస్సింగ్ కొడుతుంది, ఆ తర్వాత ఆగుతుంది. ఇంజిన్ ఎక్కువ పెట్రోల్ అడిగే సమయంలోనే పంపు చేతులెత్తేస్తుంది. ట్యాంకులో మునిగి ఉండే ఈ పంపును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. ఎప్పుడూ రిజర్వులోనే నడిపే కార్లలో, గ్యాస్ ఉంది కదా అని పెట్రోల్ అడుగంటనిచ్చే సీఎన్‌జీ కార్లలో పంపులు త్వరగా అరగడానికి ఇదొక కారణం. అరిగిన పంపు వేడెక్కి ఆగినప్పుడు ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో మెల్లగా తడితే ఒక్కోసారి మళ్లీ తిరుగుతుంది. అది రిపేరు కాదు కానీ లోపం పంపులోనే అనడానికి మంచి ఆధారం.

పంపును పరీక్షించడంలో గ్యారేజీల్లో తరచూ జరిగే లోటు ఒకటుంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా గేజ్ పెట్టి "ప్రెషర్ ఉంది" అనేస్తారు. మామూలు పెట్రోల్ ఇంజిన్లలో 3 నుంచి 4 బార్ వరకు ప్రెషర్ ఉంటుంది. ఐడిల్‌లో ఇంజిన్ తాగే పెట్రోల్ ఎంతో తక్కువ కాబట్టి సగం చచ్చిన పంపు కూడా ఆ ప్రెషర్ చూపించగలదు. చూడాల్సింది లోడ్ మీద, కారు బాగా వేడెక్కాక, ట్యాంకులో పెట్రోల్ తక్కువగా ఉన్నప్పుడు. అంతకన్నా ముందు పంపుకు కరెంట్ అందుతోందో లేదో తేల్చుకోవాలి. పంపుకు వెళ్లే వైరు నుంచి ఒక చిన్న టెస్ట్ బల్బు లాగి డ్రైవర్‌కు కనిపించేలా పెట్టుకుని తిరగడం పాత పద్ధతే, కానీ దాన్ని మించినది లేదు. ఫ్యూజు, వైరు సైజు చూసి ఎలక్ట్రీషియన్ చేత కట్టించుకోవాలి. కారు ఆగినప్పుడు బల్బు కూడా ఆరిపోతే పంపును మార్చడం దండగ, రిలేనో వైరింగో చూడాలి. బల్బు వెలుగుతూనే పంపు ఆగితే పంపుదే తప్పు. వేల రూపాయల నిర్ణయాన్ని ఒక చిన్న బల్బు తేల్చేస్తుంది. రిలే మీద అనుమానముంటే పక్కనే ఉండే హారన్ రిలే అదే రకమైతే రెండూ మార్చి పెట్టి చూడటం ఇంకా సులువు.

పంపు లోపం ఒక్కోసారి కంపెనీ నుంచే వస్తుంది. జపాన్‌కు చెందిన డెన్సో తయారుచేసిన పంపుల్లో ఇంపెల్లర్ అనే ప్లాస్టిక్ చక్రం కొన్నిటిలో తగినంత సాంద్రత లేకుండా వచ్చింది. అది పెట్రోల్ పీల్చి ఉబ్బి, పంపు గోడలకు రాసుకుని తిరగడం ఆపేసేది. 2020లో టయోటా, 2023 డిసెంబరులో అమెరికాలో సుమారు 25 లక్షల కార్లతో హోండా రీకాల్ చేయాల్సి (కార్లను వెనక్కి పిలవాల్సి) వచ్చింది ఇందుకే. అమెరికాలో పాత క్యామ్రీయో అకార్డో కొనుక్కున్న తెలుగువాళ్లు ఈ రీకాల్ పని పూర్తయిందో లేదో చూసుకోవడం అవసరం. మన దేశంలో మారుతి సుజుకి 2020 జులైలో ఫ్యూయల్ పంపు లోపం ఉండవచ్చని 1,34,885 వ్యాగన్ఆర్, బలెనో కార్లను రీకాల్ చేసింది. 2024 మార్చిలో మళ్లీ 11,851 బలెనోలు, 4,190 వ్యాగన్ఆర్‌లను పిలిచింది. ఇవి 2019 జులై చివరి నుంచి నవంబరు 1 మధ్య తయారైనవి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారికి కంపెనీ పంపిన కబురు చేరకపోవచ్చు. ఆర్‌సీ మీద ఉండే ఛాసిస్ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. మీటర్ చేతిలోకి తీసుకోవడానికి ముందే చేయాల్సిన పని ఇది.

వానాకాలంలో ఆగితే ట్యాంకులో నీళ్లను కూడా అనుమానించాలి. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీళ్లు హద్దు దాటితే ఇథనాల్‌తో సహా విడిపోయి అడుగుకు దిగుతాయి, పంపు లాగేదేమో అడుగు నుంచే. ట్యాంకు నుంచి కాస్త పెట్రోల్ గాజు సీసాలోకి తీసి కదలకుండా ఉంచితే రెండు పొరలుగా విడిపోవడం కంటికే కనిపిస్తుంది. డీజిల్ కార్లలో నీళ్లు, మూసుకుపోయిన ఫిల్టర్, పైపుల్లో గాలి చొరబడటం ప్రధాన అనుమానితులు. పెట్రోల్ ఫుల్ ట్యాంక్ కొట్టించగానే ఆగిపోయే కారైతే, ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని ఇంజిన్‌లోకి పంపే పర్జ్ వాల్వ్ తెరుచుకునే ఉండిపోయిందేమో చూడాలి. సిగ్నల్ దగ్గర స్లో అయినప్పుడు మాత్రమే ఆగే కారుకు పంపు, క్రాంక్ సెన్సార్ల జోలికి వెళ్లే ముందు ఇంజిన్‌లోకి గాలిని వదిలే త్రాటిల్ బాడీలో పేరుకున్న మసి శుభ్రం చేయించి చూడటం న్యాయం.

కరెంట్ మొత్తం పోయే రకంలో ఎక్కువసార్లు దొరికేది వదులైన బ్యాటరీ టెర్మినలో, తుప్పు పట్టిన ఎర్తో. గతుకు తగిలినప్పుడే ఆగుతోందంటే ముందు ఇవే చూడాలి. ఎర్త్ వైరును చేత్తో లాగి "గట్టిగానే ఉంది" అంటే సరిపోదు. ఇంజిన్ నడుస్తూ లైట్లు, ఏసీ వేసి ఉండగా బ్యాటరీ మైనస్‌కూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య మీటర్ పెడితే 0.1, మహా అయితే 0.2 వోల్టులకు మించకూడదు. మించితే ఎర్త్‌లో ఎక్కడో అడ్డు ఉన్నట్టు. మామూలు కారులో ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టుల దాకా ఉంటే ఆల్టర్నేటర్ చార్జ్ చేస్తోందన్నమాట.

ఇగ్నిషన్ స్విచ్‌ను తేలిగ్గా తీసుకోకూడదని చెప్పడానికి జనరల్ మోటార్స్ ఉదంతం ఒక్కటి చాలు. షెవర్లే కోబాల్ట్ లాంటి చిన్న కార్లలో స్విచ్ లోపలి స్ప్రింగు బలం చాలక, మోకాలు తగిలినా, తాళంచెవుల గుత్తి బరువుకైనా తాళం దానంతటదే వెనక్కి జారేది. నడుస్తున్న ఇంజిన్ ఆగేది, పవర్ స్టీరింగ్ పోయేది, ఎయిర్‌బ్యాగులు కూడా విచ్చుకునేవి కావు. 2014లో దాదాపు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచారు. కంపెనీ పెట్టిన పరిహార నిధి 124 మరణాలను ఈ లోపం ఖాతాలో ఒప్పుకుంది. మధ్యలో స్విచ్‌ను సరిదిద్దినా పార్టు నంబరు మార్చకపోవడంతో పాత, కొత్త స్విచ్‌ల మధ్య తేడా ఉందని ఏళ్లపాటు బయటపడలేదు. ప్రమాదానికి గురైన ఒక కారు స్విచ్‌ను, బయట కొన్న కొత్త స్విచ్‌ను విప్పి పక్కపక్కన పెట్టి చూసిన ఇంజినీరు వల్లే గుట్టు తెలిసింది. తాళానికి ఇంటి, బీరువా తాళాలన్నీ తగిలించుకునే అలవాటు మనదగ్గరా ఉంది. పాత కారు ఆగుతుంటే ముందు ఆ గుత్తి తీసేసి నడిపి చూడాలి. అప్పటికీ ఆగుతుంటే, కారును నిలిపి ఇంజిన్ ఆన్‌లో ఉంచి తాళాన్ని అటూ ఇటూ కొద్దిగా కదిపితే స్విచ్ సంగతి తేలుతుంది.

స్కానర్ విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. లోపం వచ్చి కోడ్ పడినప్పుడు ఇంజిన్ వేడి, స్పీడు, ఆర్‌పీఎం, లోడ్ ఎంత ఉన్నాయో కంప్యూటర్ ఫ్రీజ్ ఫ్రేమ్‌గా దాచుకుంటుంది. కారు రాగానే బ్యాటరీ టెర్మినల్ పీకి "రీసెట్" చేసే అలవాటు ఈ ఆధారాన్ని చాలా కార్లలో చెరిపేస్తుంది. ఆ పని చేయనివ్వకూడదు. ముందు కోడ్లన్నీ చదివి ఫొటో తీసుకున్నాకే మిగతావి. ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిసే చిన్న ఓబీడీ అడాప్టర్ (కారు స్కానర్ సాకెట్‌కు తగిలించేది) కొనుక్కుంటే ప్రయాణమంతా లైవ్ డేటా రికార్డు చేసుకోవచ్చు. అందులో ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకెను గమనించాలి. అది ప్లస్ 15, 20 శాతానికి ఎక్కి కూర్చుంటే, పెట్రోల్ చాలక కంప్యూటర్ అదనంగా చిమ్మిస్తూ సర్దుకుంటోందన్నమాట. పంపు, ఫిల్టర్, గాలి లీకుల వైపు చూడాలి. ట్రిమ్ మామూలుగా ఉండి ఆర్‌పీఎం ఒక్క గెంతులో సున్నా అయితే కరెంట్, సెన్సార్ల వైపు.

దీంతో పాటు కారులో ఒక చిన్న పుస్తకం ఉంచుకుంటే మెకానిక్‌కు ఎంతో మేలు చేసినవారవుతారు. ఆగిన ప్రతిసారీ సమయం, ఎంత దూరం నడిచాక ఆగింది, ఎండా వానా, పెట్రోల్ ఎంత ఉంది, ఏసీ వేసి ఉందా, గతుకు తగిలిందా, ఎంతసేపటికి స్టార్టయింది అని రాసుకోవాలి. నాలుగైదు సార్లు రాసేసరికి ఏదో ఒకటి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. "అప్పుడప్పుడూ ఆగుతోందండీ" అని చెప్పడానికీ, "ఏసీ వేసి గంట నడిపాకే ఆగుతోంది, ముల్లు టక్కున పడిపోతోంది, ఇరవై నిమిషాలకు స్టార్టవుతోంది" అని చెప్పడానికీ మధ్య తేడా బిల్లులో కనిపిస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లోనైనా కంపెనీ షోరూమ్‌లోనైనా రెండో రకంగా చెప్పే కస్టమర్ కారుకే పని సరిగ్గా జరుగుతుంది.

పార్టు మార్చాక కారు రెండ్రోజులు ఆగకపోతే బాగైపోయిందనుకోవడం తొందరపాటు. నెలకోసారి ఆగే కారు రెండ్రోజులు ఎలాగూ ఆగదు. ఏ పరిస్థితిలో ఆగేదో అదే పరిస్థితిలో, అంతే వేడిలో, అంతే దూరం, అంతే పెట్రోల్‌తో నడిపి చూడాలి. జనవరిలో చేయించిన రిపేరుకు అసలు పరీక్ష ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లోనే. తీసేసిన పాత పార్టును గ్యారేజీలో వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోవాలి. అది కాయిల్ రకం క్రాంక్ సెన్సారైతే రెండు పిన్నులకు మీటర్ తగిలించి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేయాలి. చల్లగా ఉన్నప్పుడు కొన్ని వందల ఓములు చూపిస్తూ, వేడెక్కగానే తెగిపోయినట్టు చూపిస్తే లోపం దొరికినట్టే. ఎంత వేడి చేసినా అంకె కొద్దిగా పెరగడమే తప్ప తెగకపోతే, కారు ఆగడానికి కారణం ఇంకా కారులోనే ఉండవచ్చు. అలాంటప్పుడు ఆ కారుతో దూర ప్రయాణం పెట్టుకోకుండా, సెన్సార్ కనెక్టర్ దగ్గరి వైరింగ్‌తో మొదలుపెట్టి మళ్లీ వెతికించాలి.